హాస్టల్ మెస్ చెత్త: నోటీసులో మూడు డబ్బాలు, వాట్సాప్‌లో నాలుగు. ఏది పాటించాలి?

హాస్టల్_ఏఓ అడిగారు:

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాల్లో ఒక మున్సిపల్ టౌన్‌లో, ప్రైవేట్ రెసిడెన్షియల్ స్కూల్లో ఏఓగా (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) పనిచేస్తున్నాను. పేరుకే అడ్మినిస్ట్రేషన్. మెస్ సరుకులు, బస్సుల డీజిల్, అర్ధరాత్రి మోటార్ కాలిపోతే మెకానిక్‌ని లేపడం, అన్నీ నా నెత్తినే. ఇప్పుడు చెత్త కూడా వచ్చి చేరింది.

పోయిన వారం మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. మేం "బల్క్ వేస్ట్ జనరేటర్" అట, అంటే రోజుకి 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోటు అని. తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త అని మూడుగా వేరు చేసి, తడి చెత్తను మా ఆవరణలోనే ఎరువు చేసుకోవాలట. పదిహేను రోజుల్లో ఏర్పాట్లు చూపించకపోతే జరిమానా అని రాశారు. అదే రోజు సాయంత్రం మా కరస్పాండెంట్ గారు వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పంపారు. ఏప్రిల్ 1 నుంచి రూల్స్ మారాయి, నాలుగు డబ్బాలు తప్పనిసరి అని, కింద రంగురంగుల డబ్బాల ఫొటో. మూడా, నాలుగా? నోటీసు ఇచ్చినాయనకి ఫోన్ చేస్తే "ముందు మూడు పెట్టండి మేడమ్, చూద్దాం" అన్నారు.

మా సంగతి చెబుతాను. హాస్టల్ పిల్లలు 420 మంది, అందులో అమ్మాయిలు 160. డే స్కాలర్లు మరో 300 మంది, వాళ్లు క్యారేజీలు తెచ్చుకుంటారు. మెస్‌లో మిగిలింది, ఎంగిలి అంతా డ్రమ్ముల్లో పోస్తాం. సాయంత్రం ఒక పాలాయన బండి వేసుకొచ్చి కుడితికి పట్టుకుపోతాడు. అట్టపెట్టెలు, నూనె డబ్బాలు వంటమాస్టారు పాత సామాన్లవాడికి అమ్ముతారు. ఆ డబ్బులు ఎంతో నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మిగతాదంతా కలిపి మున్సిపల్ ట్రాక్టర్‌కి. చెట్ల ఆకులు ఊడ్చి వెనక గోడ పక్కన కాలుస్తారు. తప్పని తెలుసు, అయినా దాచకుండా చెబుతున్నాను.

మాకు రోజుకి 100 కిలోలు వస్తుందో లేదో కూడా తెలీదు. స్వీపర్‌ని అడిగితే "నాలుగు డ్రమ్ములు మేడమ్" అంటుంది. ఈలోగా ఒక కంపెనీ అబ్బాయి టై కట్టుకుని వచ్చి, కంపోస్ట్ మెషీన్ ఆరున్నర లక్షలు, అది పెడితే ఇంక నోటీసులే రావు అని కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. మేనేజ్‌మెంట్ నా వైపు చూస్తోంది. నేను మీ వైపు చూస్తున్నాను. అమ్మాయిల హాస్టల్లో ప్యాడ్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి, ఆ మాట ఎత్తితే మా మీటింగుల్లో అందరూ సీలింగ్ ఫ్యాన్ చూస్తారు.

బెజవాడ_టిఫిన్స్:

మేడమ్, ఎందుకంత టెన్షన్. మాకు 100 కిలోలు దాటట్లేదు అని లెటర్‌హెడ్ మీద రాసి, స్టాంపు వేసి ఇచ్చేయండి. వాళ్లేమన్నా కాటా పట్టుకుని వస్తారా? నాకు రెండు హోటళ్లు, పదకొండేళ్ల నుంచి నడుపుతున్నా. నోటీసులు వస్తాయి, పోతాయి. ఆ మెషీన్ మాత్రం కొనకండి. మా పక్క హోటలాయన కొన్నాడు, ఇప్పుడు దాని మీద ఉల్లిపాయల బస్తాలు పెట్టుకుంటున్నాడు.

రిటైర్డ్_ఎస్ఐ:

అమ్మా, నేను పోలీసు ఎస్ఐని కాదు, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. ముప్ఫై మూడేళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకి మస్టర్ వేసిన మనిషిని. ఇలాంటి నోటీసులు నేనే కొన్ని వందలు ఇచ్చి ఉంటాను, అందుకని వాటి గుట్టు నాకు తెలుసు.

మొదట మూడా నాలుగా. నాలుగే. మీకొచ్చిన నోటీసు పాత ఫారం. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో తడి, పొడి, ఇంటి హానికర చెత్త అని మూడు ఉండేవి. కంప్యూటర్లో ఆ లెటర్ అలాగే ఉంటుంది, తేదీ మార్చి ప్రింటు కొడతారు. కేంద్రం 2026 జనవరిలో కొత్త నియమాలు ప్రకటించింది, ఆ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త, ఈ నాలుగూ పుట్టిన చోటే వేరు చేయాలి. డైపర్లు, ప్యాడ్లు శానిటరీ కిందకి. ట్యూబ్‌లైట్లు, పెయింట్ డబ్బాలు, పాదరసం థర్మామీటర్లు, పాడైన మందులు నాలుగో దాని కిందకి. మీరు నాలుగు పెడితే మూడు అడిగినవాడు కాదనడు.

ఇక టిఫిన్స్ తమ్ముడు ఇచ్చిన సలహా. తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. ఆ లెటర్ ఇప్పుడు ఇస్తే ఆమె మెడకే చుట్టుకుంటుంది. కొత్త నియమాల్లో తప్పుడు రిపోర్టు ఇవ్వడం, నకిలీ కాగితం పెట్టడం కూడా పర్యావరణ పరిహారం కట్టాల్సిన తప్పుల్లో ఉన్నాయి. పైగా 100 కిలోలు ఒక్కటే కొలత కాదు. చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. బిల్డింగు విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు ఉన్నా, రోజుకి నీళ్ల వాడకం 40,000 లీటర్లు ఉన్నా, చెత్త 100 కిలోలు ఉన్నా, వీటిలో ఏ ఒక్కటి తగిలినా మీరు బల్క్ లెక్కలోకి వస్తారు.

ఇప్పుడు మీ హాస్టల్ చూడండి. ఇంజినీర్లు తలకి రోజుకి 135 లీటర్లు పట్టుకుంటారు. 420 మందికి 56,700. మా పిల్లలు పొదుపు, బకెట్టుతోనే పోసుకుంటారు, వంద లీటర్లే అంటారా? అప్పుడూ 42,000. అంటే మీ చెత్త యాభై కిలోలే అయినా నీళ్లు మిమ్మల్ని పట్టిస్తాయి. మీ టౌన్‌లో ఉన్న జూనియర్ కాలేజీ హాస్టళ్లలో చాలావాటి పరిస్థితి ఇదే, వాళ్లకింకా తెలీదు.

బల్క్ అయితే ఏమవుతుంది? తడి చెత్తను వీలైనంతవరకు మీ ఆవరణలోనే ఎరువో, గ్యాసో చేసుకోవాలి. అసలు జాగా లేదు, కుదరదు అనుకున్నవాళ్లు, వాళ్ల బదులు ఇంకొకరు ఆ పని చేసినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి. రిజిస్ట్రేషన్లు, రిపోర్టులు ఇకమీదట ఆన్‌లైన్ పోర్టల్‌లోకి వెళ్తాయి. మీ వంటగది వెనక జాగా ఉంది కదా, ఆకులు కాలుస్తున్నది అక్కడే కదా, సర్టిఫికెట్ జోలికి పోకండి.

మెషీన్ వద్దు. ముందు ప్లాట్‌ఫామ్ కాటా కొనండి, నాలుగైదు వేలల్లో వస్తుంది. ఏడు రోజులు ప్రతి డ్రమ్మూ కాటా మీద పెట్టి రాయండి. ఏ పూటది, ఏ వంటది, కూరగాయల తుక్కు ఎంత, ప్లేట్లలో వదిలేసింది ఎంత. రాసేది స్వీపర్ కాదు, మీరు. లేదా ఎనిమిదో తరగతి పిల్లలకి అప్పజెప్పండి, మనకంటే నిజాయితీగా రాస్తారు. నా సర్వీసులో డబ్బాలు కొన్న స్కూళ్లు చాలా చూశాను. ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్టిన డబ్బాలు కూడా చూశాను. ఆరు నెలల తర్వాత ఆ డబ్బాల్లో నీళ్లు పట్టుకుని పెళ్లిళ్లకి వాడేవాళ్లు. తూకం రాసిన స్కూలు మాత్రం ఒకే ఒక్కటి చూశాను, దానికి నేను మళ్లీ నోటీసు ఇవ్వాల్సిన పని పడలేదు.

రెండో మాట. ప్లేట్లు కడిగే చోట ఒక మనిషిని నిలబెట్టండి. చెత్త కలిసిపోయేది డబ్బా దగ్గర కాదమ్మా, ఆ సింకు దగ్గర. పిల్లాడు ప్లేటు, పెరుగు కప్పు, టిష్యూ, అరటితొక్క అన్నీ ఒక్క విసురుతో డ్రమ్ములో వేస్తాడు. అక్కడ ఒక ఆయా ఉండి "నాన్నా, కప్పు ఇటు" అని పది రోజులు అంటే పదకొండో రోజు నుంచి వాడే వేస్తాడు.

పాలాయన్ని మానిపించకండి. గేదె తాగే కుడితి చెత్త కాదు, నా దృష్టిలో అది మన ఊళ్లలో నడుస్తున్న అత్యుత్తమ రీసైక్లింగ్. కానీ ఎన్ని కిలోలు పోయిందో రాసి అతనితో నెలకోసారి సంతకం పెట్టించుకోండి. పాత సామాన్లవాడి దగ్గర కూడా చీటీ తీసుకోండి. మీరు చేయాల్సిన దాంట్లో సగం ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నారు. కాగితం మీద లేదు, అంతే. ఇన్‌స్పెక్టర్‌కి కావాల్సింది ఆ కాగితం.

ఆకులు కాల్చడం రేపటి నుంచి ఆపండి. అది 2016 నియమాల్లో కూడా నిషేధమే. ఎరువు తొట్టికి ఆ ఆకులే ప్రాణం, వాటిని కాల్చుకుంటూ మెషీన్ కొనడమేమిటి.

హాస్టల్_ఏఓ:

సార్, చదువుతుంటే మా నాన్నగారు మాట్లాడినట్టుంది. మాది బోరు నీళ్లు, మీటరు లేదు. మరి 40,000 ఎలా తేలుస్తారు?

రిటైర్డ్_ఎస్ఐ:

మేడ మీద ట్యాంకులు ఎన్ని, రోజుకి ఎన్నిసార్లు నింపుతారు?

హాస్టల్_ఏఓ:

పదివేల లీటర్లవి రెండు. మూడు పూటలా నింపుతాం. సరే సార్, అర్థమైంది. అరవై వేలు.

మియాపూర్_కంపోస్ట్:

మేడమ్, మాది హైదరాబాద్‌లో 310 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నాలుగేళ్లుగా మేమే ఎరువు చేస్తున్నాం. ఎస్ఐ గారు చెప్పనిది ఒకటుంది, వాసన. మొదటి నెలలో మమ్మల్ని అసోసియేషన్ మీటింగులో తిట్టని మనిషి లేడు. కారణం సాంబారు.

నిజమే చెబుతున్నా. అన్నం కుళ్లినా అంత కంపు రాదు. సాంబారు, రసం, మజ్జిగ తొట్టిలోకి వెళ్తే అడుగున నీరు నిలబడుతుంది, గాలి ఆడదు, ఇక ఆ కంపు రెండో వీధి దాకా. అందుకని ఎంగిలిని ముందు పెద్ద జల్లెడ బుట్టలో పోసి పావుగంట వదిలేయండి. నీళ్లు డ్రైనేజీకి పోతాయి, ముద్ద మిగులుతుంది. ముద్ద ఒక బకెట్ అయితే ఎండుటాకులు ఒక బకెట్, కొలత అదే. చేత్తో పిండితే చుక్కలు కారకూడదు, వేళ్లకి తడి మాత్రం తెలియాలి. ఆకులు వర్షాకాలంలో దొరకవు, ఇప్పుడే బస్తాల్లో కట్టి షెడ్డులో దాచుకోండి. కొబ్బరిపీచు, రంపపు పొట్టు కూడా పనికొస్తాయి.

తొట్టి సిమెంటుతో మూసేయకండి. ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు వదిలి కట్టించండి, పది అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, మూడు ఎత్తు. మీకు నాలుగు తొట్లు పడతాయి. ఒకటి నిండేసరికి సుమారు మూడు వారాలు, దాన్ని మూసి రెండోది మొదలెట్టండి. నాలుగోది నిండేలోపు మొదటిది ఎరువై ఉంటుంది. పైన రేకు తప్పనిసరి. ఎముకలు మాత్రం వేయకండి, ఊళ్లో కుక్కలన్నీ మీ స్కూల్లో అడ్మిషన్ తీసుకుంటాయి. మునక్కాడ పిప్పి చాలా కాలం కరగదు, కంగారుపడకండి, మళ్లీ కొత్త తొట్టిలో వేసేయండి.

గ్యాస్ ప్లాంటు పెట్టమని కూడా ఎవరో ఒకరు వస్తారు. కిలో తిండి చెత్తకి ఘనపు మీటరులో పదో వంతు గ్యాస్ వస్తే గొప్ప. మీకు అరవై కిలోలు ఉంటే ఆరు ఘనపు మీటర్లు, అంటే రెండున్నర కిలోల ఎల్‌పీజీతో సమానం. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ వారానికొకటి మిగులుతుంది. తక్కువేం కాదు. కానీ రోజూ మేత వేయాలి, సెలవుల్లో కూడా. వేసవిలో పిల్లలు ఇళ్లకి వెళ్లిపోతే దాని కడుపు ఎవరు నింపుతారు? మా హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో పది టన్నుల దాకా కూరగాయల తుక్కు రోజూ వచ్చేది కాబట్టి ఐఐసీటీ (ఇక్కడి రసాయన పరిశోధన సంస్థ) వాళ్ల పద్ధతిలో పెట్టిన ప్లాంటు 2021 నాటికి రోజుకి సుమారు 500 యూనిట్ల కరెంటు ఇచ్చేది. మార్కెట్‌కి వేసవి సెలవులు ఉండవు కదా.

బెజవాడ_టిఫిన్స్:

సాంబారు వడకట్టడం గురించి హోటలోడికి అపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పే రోజులొచ్చాయి. సరే, ఒక పనికొచ్చే మాట నేనూ చెబుతా. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించొద్దని వంటవాళ్లకి చెప్పండి. గాటు పెట్టి వదిలేయాలి, ముక్క ప్యాకెట్‌కే అంటుకుని ఉండాలి. ఆ చిన్న ముక్కలు ఎవరూ ఏరరు, కుడితిలో పడి గేదె కడుపులోకి పోతాయి, లేదా కాలవలోకి. ప్యాకెట్లు ఒక బకెట్ నీళ్లలో ముంచి, దులిపి, తీగ మీద ఆరేస్తే పాత సామాన్లవాడు మంచి రేటిస్తాడు. మా దగ్గర అలా చేసినందుకు క్లీనర్ కుర్రాడికే ఆ డబ్బు ఇస్తాను. అందుకే ఒక్క ప్యాకెట్ కూడా పోదు.

లీడ్స్_సైట్_మేనేజర్:

నేను ఇంగ్లండ్‌లో ఒక సెకండరీ స్కూల్లో సైట్ మేనేజర్‌ని, మాది కాకినాడ. ఈ చర్చ చూసి నవ్వొచ్చింది, పోయిన ఏడాది మాదీ ఇదే గోల. ఇక్కడ 2025 మార్చి 31 నుంచి ఫుల్‌టైమ్ లెక్కన పదిమంది, అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి వ్యాపారం, స్కూలు, ఆసుపత్రి, చివరికి చర్చి, గుడి కూడా తిండి చెత్త వేరుగా, రీసైకిల్ అయ్యేవి వేరుగా, మిగతాది వేరుగా ఇవ్వాలి. కాగితం, అట్టని మిగతా వాటితో కలపకుండా విడిగా ఉంచాలన్నది అసలు రూలు. అంతకన్నా చిన్న సంస్థలకి 2027 మార్చి 31 దాకా గడువు ఉంది. వేల్స్‌లో ఇంకా ముందే, 2024 ఏప్రిల్ 6న మొదలైంది, అక్కడ గాజు కూడా విడిగా ఇవ్వాలి.

పిల్లలు రెండు వారాల్లో నేర్చుకున్నారు. టీచర్లు ఇప్పటికీ నేర్చుకోలేదు. స్టాఫ్‌రూమ్‌లో కాగితాల డబ్బాలో టీ బ్యాగు వేస్తారు, తడిసిన కాగితం ఇక ఎవరికీ పనికిరాదు. చివరికి నేను చేసింది ఒక్కటే, టేబుళ్ల కింద విడివిడిగా ఉన్న చిన్న డబ్బాలన్నీ తీసేశాను. లేచి నడిచి వెళ్లాల్సి వస్తే మనిషి చేతిలో ఏముందో ఒకసారి చూసుకుంటాడు. మేడమ్, మీ క్లాసురూముల్లో, ఆఫీసులో ఇది చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

రిటైర్డ్_ఎస్ఐ:

ప్యాడ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ కూడా అందరూ ఫ్యాన్ చూస్తున్నట్టున్నారు.

అమ్మా, 160 మంది పిల్లలంటే, అందరూ పెద్దవాళ్లు కాకపోయినా, నెలకి వెయ్యి నుంచి రెండు వేల దాకా ప్యాడ్లు. ఇప్పుడు అవి ఎక్కడికి పోతున్నాయో మీ ప్లంబర్‌ని అడగండి, చెబుతాడు. ప్రతి టాయిలెట్‌లో మూత ఉన్న డబ్బా, పక్కనే మేకుకి గుచ్చిన పాత పేపర్ ముక్కలు పెట్టండి. పేపర్లో చుట్టి వేయాలి, ఆ డబ్బా మిగతా దేంతోనూ కలవకూడదు. తీసే ఆయాకి చేతి తొడుగులు, మూతికి గుడ్డ మీరే కొనివ్వండి, ఆమె అడగదు. గోడకి తగిలించే చిన్న కరెంటు మెషీన్‌లో కాల్చేస్తే సరి అని చెప్పేవాళ్లుంటారు. ప్యాడ్‌లో ప్లాస్టిక్ ఉంటుంది, చాలినంత వేడి లేకుండా కాలిస్తే ఆ పొగ పిల్లల గదుల్లోకే వెళ్తుంది. నేనైతే ఒప్పుకోను.

ఇంకో రెండు విషయాలు. మీ సిక్‌రూమ్‌లో ఇంజెక్షన్ సూదులు, చీము దూది ఉంటే అవి ఈ నాలుగు డబ్బాల్లోకీ రావు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు స్కూళ్ల ఫస్ట్ ఎయిడ్ గదులకీ వర్తిస్తాయని అందులోనే పేరు పెట్టి రాశారు. మీకు టీకాలు వేసే నర్సింగ్ హోమ్ వాళ్లతో మాట్లాడుకోండి. కంప్యూటర్ ల్యాబ్‌లో మూల పడేసిన పాత మానిటర్లకీ వేరే రూలుంది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాలు. రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వాలి, తూకానికి అమ్మకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే కొత్తది కొన్న కొట్లోనే పాతది ఇచ్చేయండి.

చిప్స్ కవర్లు ఎవరూ కొనరు, నాకు తెలుసు. అవి ఒక సంచిలో పొడిగా పెట్టి మున్సిపాలిటీకే ఇవ్వండి. చివరికి అవి సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో బొగ్గుకి బదులు కాలాలి. కొత్త నియమాల ప్రకారం ఆ ఫ్యాక్టరీలు అలాంటి ఇంధనం వాటా 5 శాతం నుంచి ఆరేళ్లలో 15 శాతానికి పెంచాలి. తడిసిన కవరు అక్కడా పనికిరాదు.

హాస్టల్_ఏఓ (అయిదు వారాల తర్వాత):

ఇంత ఆలస్యంగా వచ్చినందుకు ఏమనుకోకండి. యూనిట్ టెస్టులు, రెండు వైరల్ ఫీవర్లు, ఒక ఇన్‌స్పెక్షన్ అయ్యాయి.

మెషీన్ కొనలేదు. 4,800 పెట్టి కాటా కొన్నాం. ఎస్ఐ గారు చెప్పినట్టు ఎనిమిదో తరగతి పిల్లలకే అప్పజెప్పాను. మొదటి వారం సగటు రోజుకి 96 కిలోలు వచ్చింది. టిఫిన్స్ గారు ఎగిరి గంతేస్తారని తెలుసు, కానీ ట్యాంకుల లెక్క అరవై వేలు కదా, కాబట్టి బల్కే. అదే రాసి మున్సిపాలిటీకి ఇచ్చాను. తీసుకున్న గుమాస్తా "మీరే ఒప్పేసుకుంటున్నారేంటి మేడమ్" అన్నాడు.

పిల్లల రిజిస్టర్‌లో ఒక వింత బయటపడింది. ఇడ్లీ రోజు ప్లేట్లలో మిగిలేది 9 కిలోలు. పూరీ రోజు 4. మంగళవారం ఉప్మా రోజు 31. మూడు మంగళవారాలు అంతే. పుస్తకం తీసుకెళ్లి వంటమాస్టారికి చూపిస్తే ముఖం గంటు పెట్టుకున్నారు. ఇరవై రెండేళ్లుగా ఉప్మా చేస్తున్నాను, ఈ కాలం పిల్లలకి రుచి తెలీదు అన్నారు. మర్నాడు పొద్దున అయిదింటికి నేనే వంటగదికి వెళ్లి కూర్చున్నాను. ఉప్మా అయిదుంబావుకి దించేశారు. పిల్లలు తినేది ఏడున్నరకి. మూత తీస్తే గంగాళంలో అది ఉప్మా కాదు, సిమెంటు. గరిటె నిలబడింది. నేను గరిటె వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. ఇద్దరం ఏమీ అనుకోలేదు. ఆ తర్వాతి మంగళవారం నుంచి రెండు వాయిలుగా చేస్తున్నారు, ఒకటి ఏడింటికి, ఒకటి ఏడూ నలభైకి. పోయిన మంగళవారం 13 కిలోలు.

అట్టపెట్టెల డబ్బు గురించి కూడా మాట్లాడాను. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. టిఫిన్స్ గారి పద్ధతే పెట్టాం, చీటీ ఆఫీసుకి, డబ్బు వంటవాళ్లకే. కాకపోతే ఇప్పుడు అందరికీ సమానంగా. మాస్టారికి కొంచెం తగ్గింది, క్లీనర్ లక్ష్మమ్మకి కొత్తగా వచ్చింది. పాల ప్యాకెట్లు ఆరేసే తీగ ఆమెదే, ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

నాలుగు తొట్లలో రెండే కట్టించగలిగాం, మేనేజ్‌మెంట్ మిగతా రెండూ దసరా తర్వాత అంటోంది. పాలాయన రోజుకి 40 కిలోల దాకా పట్టుకుపోతున్నాడు, కాబట్టి ప్రస్తుతానికి సరిపోతోంది. సంతకం అంటే మొదట భయపడ్డాడు, ఏదో అప్పు కాగితం అనుకున్నాడట. మొదటి తొట్టి వారం రోజులు కంపు కొట్టింది. అవును, సాంబారే. జల్లెడ బుట్ట పెట్టాక తగ్గింది.

అమ్మాయిల బ్లాకులో మూత డబ్బాలు పెట్టాం. వార్డెన్ చెప్పలేనంటే నేనే పిల్లల్ని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడాను. ఆ పది నిమిషాలకి అయిదేళ్లు ఆగామే అనిపించింది. అయితే ఇక్కడ ఒక సమస్య అలాగే ఉంది. మేం నాలుగుగా వేరు చేసి ఇస్తుంటే, వచ్చే ట్రాక్టర్‌కి అరలు రెండే. ప్యాడ్ల సంచి పొడి చెత్త మీద పడేస్తున్నారు. రెండుసార్లు ఉత్తరం రాశాను, రసీదు తీసుకున్నాను. మరి వాళ్లకి నోటీసు ఎవరిస్తారు సార్?

ఇంకొకటి. స్టోర్‌రూమ్‌లో 37 కాలిపోయిన ట్యూబ్‌లైట్లు గోడకి ఆనించి ఉన్నాయి. ఎవరికివ్వాలో మున్సిపాలిటీలో ఒక్కొక్కరూ ఒక్కో నంబర్ ఇస్తున్నారు. గోదావరి జిల్లాల్లో ఎవరైనా ఇవి నిజంగా ఎక్కడన్నా అప్పజెప్పి, రసీదు తెచ్చుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. పిల్లలు ఆ గదిలోకి బంతి కోసం వెళ్తున్నారు, తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకుని తిరుగుతున్నాను.